లాంతరు వ్యాఖ్య

అవతారిక

టీకలు రాసిన పెద్దలకు వెలుగంటే మహా మోజు. పతంజలి మహాభాష్యానికి కైయటుడు రాసినది ప్రదీపం. ఆ ప్రదీపానికి నాగేశభట్టు రాసినది ఉద్ద్యోతం. దీపిక, ప్రకాశిక, ప్రభ, చంద్రిక అన్న పేర్లు గల వ్యాఖ్యానాలు ఏ పాత గ్రంథాలయంలో బీరువా తెరిచినా పదీ పరకా రాలి పడతాయి. నేను రాస్తున్నది కరెంటు లేని ఇంట్లో, కరెంటాఫీసు వాక్యం మీద. దీనికి దీపిక అని పేరు పెడితే ఇంటిల్లిపాదీ నవ్వుతారు. మాది విజయనగరం. ఊరి నడిబొడ్డున మూడు లాంతర్ల కూడలి ఉంది. నేను టీక రాయబోయే మూలం కూడా సరిగ్గా మూడు వాక్యాలే. కనుక ఇది లాంతరు వ్యాఖ్య.

ఈ ఊరివాడు టీక రాస్తానంటే కాదనే హక్కు ఎవరికీ లేదు. సాయణభాష్యంతో ఋగ్వేదాన్ని మాక్స్ ముల్లర్ మొదటిసారి అచ్చువేయడం ఈస్టిండియా కంపెనీ పోషణలో మొదలైంది. ఆరు సంపుటాలు, 1849 నుంచి 1874 దాకా పట్టింది. రెండో ముద్రణకు డబ్బు పెట్టింది మా ఆనందగజపతి మహారాజు. నాలుగు సంపుటాలూ 1890, 1892 మధ్య వచ్చేశాయి. కంపెనీ మొదలెడితే పాతికేళ్లు, రాజుగారు పూనుకుంటే రెండేళ్లు. రెండోసారి కాబట్టి తొందరగా అయిందని పండితులు అంటారు. కావచ్చు. కరెంటిచ్చేదీ కంపెనీయే కనుక ఆ మాట మాత్రం నా చెవిలో ఉండిపోయింది.

ఆ మహారాజే గురజాడ కన్యాశుల్కానికీ అండ. నాటకం 1892లో ఈ ఊళ్లోనే ఆడారు. 1897లో అచ్చయినప్పుడు అంకితం పుచ్చుకున్నది ఆయనే. పండితుడి టీకకూ, వీధిలో మాటకూ ఒకే చెయ్యి ఆసరా ఇచ్చింది. వీధిలో మాటకు పండితుడి టీక రాయడానికి నాకు ఇంకొకరి అనుమతి ఎందుకు?

మూలంలో లేనిది రాయననీ, అక్కర్లేనిది చెప్పననీ మల్లినాథసూరి ఒట్టు పెట్టుకున్నాడు. అందులో మొదటి సగం నేనూ పెట్టుకుంటున్నాను. రెండో సగం నావల్ల కాదు. కరెంటాఫీసు కిటికీ ముందు బెంచీ మీద గంటలకొద్దీ కూర్చున్నవాడికి తోచేవన్నీ అక్కర్లేనివే.

సందర్భం

మా తాతగారి నాటి పెంకుటిల్లు. వీధరుగు తీసేసి ముందుగది పెంచుదామని శ్రావణమాసంలో పని మొదలుపెట్టాం. మీటరు ముందుగోడకు ఉంది. గోడ తీయాలంటే మీటరు కొత్తగా పోసిన కాంక్రీటు స్తంభం మీదికి జరగాలి. దూరం కొలిస్తే పదిహేడు అడుగులు. ఎలాగూ ముట్టుకుంటున్నాం కదా అని సింగిల్ ఫేజు తీసి త్రీ ఫేజు అడిగాం. మీసేవలో దరఖాస్తు పెట్టాం, డబ్బు కట్టాం, రసీదు పుచ్చుకున్నాం. రసీదు చేతికి రాగానే పని సగం అయిపోయినట్టే అనుకోవడం గృహస్థు లక్షణం.

మేస్త్రి తన పని తాను చేసుకుపోయాడు. పెంకులు దింపారు, వాసాలు దింపారు, అరుగు తవ్వారు. అటు గోడ పోయింది, ఇటు గోడ పోయింది. నడిమధ్యన మూడడుగుల వెడల్పున ఒక్క ముక్క మిగిలింది. దాని మీద మీటరు, మీటరు మీద సిమెంటు గోనె. వానలో తడిసే మీటరుకు ప్రాణం ఉంచకూడదని ఎలక్ట్రీషియను ఫ్యూజు పీకి జేబులో వేసుకెళ్లాడు. పక్కింటి మామ్మగారు పొద్దున్నే ముగ్గుచిప్పతో బయటికొచ్చి, ఆ ముక్కకేసి కాసేపు చూసి, "ఏటి బాబూ, ధ్వజస్తంభం ఉంచీసి గుడి కూల్చీసినారా?" అని అడిగారు. పోనీ మా ఇంటినుంచి ఓ వైరు లాక్కోండని కూడా అన్నారు. మనసు వెన్న. కాని 2003 విద్యుత్ చట్టం 126వ సెక్షను అనధికార వాడకం గురించి చెప్పే మాటలు వెన్నలా ఉండవు. వద్దన్నాను. రాళ్లు కోసే మిషను ఆగింది, నీళ్ల మోటారు ఆగింది, నాలుగు బస్తాల సిమెంటు ముసురుకు రాయైంది.

అప్పుడు ఆఫీసుకు వెళ్లాను. కిటికీ ముందు నిలబడి, రసీదు చూపించి, నా గోడు చెప్పుకున్నాను. లోపలినుంచి ఇది వినపడింది.

మూలం

లైన్‌మేను ఫీడరు మీదికి ఎల్లిపోనాడు.
స్టోర్సులో మీటరు నేదు.
అయిపోతాది బాబూ, రేపొచ్చీండి.

మూలకర్త ఎవరు?

ఆ కిటికీ వెనకాయన పేరు రాయను. ఆఫీసు పేరూ రాయను. మొహమాటానికి కాదు, శాస్త్రం ఒప్పదు. నేను పదకొండుసార్లు వెళ్లాను. కిటికీ వెనక ముగ్గురు మనుషులు మారారు. ఒకాయన కళ్లజోడు మనిషి, ఒకావిడ ఎప్పుడూ ఫోనులో ఎవరికో పప్పు ఎంత ఉడకాలో చెబుతుండేది, మూడో అతను కొత్త కుర్రాడు. కొసన పాఠాంతరాలు తప్ప మూలం మాత్రం అక్షరం మారలేదు. వేదం అపౌరుషేయం అంటారు మీమాంసకులు. ఋషులు దాన్ని కట్టలేదు, దర్శించారు. ఇదీ అంతే. కుర్రాడు చేరి నాలుగు రోజులు కాలేదు, ఎవరూ చెప్పినట్టు లేదు, కుర్చీలో కూర్చోగానే వాక్యం అతనికి కనబడింది.

ప్రతిపదార్థం

లైన్‌మేను = తీగ మనిషి, స్తంభమెక్కువాడు.

ఫీడరు మీదికి = ఈ మాట తెలియక కోప్పడేవారు చాలామంది. సబ్‌స్టేషనులో 33 వేల వోల్టులు 11 వేలకు దిగుతాయి. అక్కణ్ణుంచి 11 వేల వోల్టుల తీగ పేటలమీదుగా, పొలాలమీదుగా పోతుంది. అదీ ఫీడరు. వీధిలో ఉండే ట్రాన్స్‌ఫార్మరు ఆ 11 వేలను ఇంటి దీపానికి సరిపడే 230కి దించుతుంది. ఫీడరు పోతే వీధులకు వీధులు చీకటి. నా మీటరు జరక్కపోతే నా ఒక్కడి ఇల్లే చీకటి. ఫీడరు ముందు, నేను తర్వాత. ఇందులో అన్యాయమేమీ లేదు.

"మీదికి" అనడంలో ఒక సొగసుంది. దండు మీదికి, యుద్ధం మీదికి అన్నట్టు ఫీడరు మీదికి. ఇక్కడ వ్యాఖ్యాత వెటకారం కాస్త పక్కన పెడుతున్నాడు. సబ్‌స్టేషనువారు లైన్ క్లియర్ ఇచ్చేదాకా స్తంభం ఎక్కకూడదు. ఇచ్చాక ఎక్కినా, ఎవరింట్లోనో జనరేటరు వెనక్కి తీగలోకి కరెంటు తోసిందంటే ఎక్కినవాడు ప్రాణంతో దిగడు. 2014 అక్టోబరులో హుద్‌హుద్, 2018 అక్టోబరులో తిత్లీ. ఈ రెండు తుపానులూ చూసిన ఉత్తరాంధ్రవాడు లైన్‌మేనును ఊరికే తిట్టలేడు. ఉద్దానంలో కొబ్బరితోటలు పడుకున్నచోట తాళ్లు కట్టి స్తంభాలు లేపినవాళ్లు వాళ్లే.

ఎల్లిపోనాడు = వెళ్లిపోయాడు. భూతకాలం. ఎప్పుడు వెళ్లాడో చెప్పదు, ఎప్పుడొస్తాడో అసలే చెప్పదు. పొద్దున్న పదింటికి వెళ్లినా ఎల్లిపోనాడు, సాయంత్రం నాలుగింటికి వెళ్లినా ఎల్లిపోనాడు. ఇక్కడ ఒక శంక: లైన్‌మేను మన వీధి మొగనే స్తంభం దగ్గర ఉన్నాడని మేస్త్రి ప్రత్యక్షంగా చూశాడే? సమాధానం: ఆ స్తంభం ఫీడరుదే.

స్టోర్సులో మీటరు నేదు = ముందు వ్యాకరణం. లేదు అన్నచోట నేదు అనడం మా కళింగసీమ పలుకు. గిడుగు, గురజాడ కలిసి చదువుకున్న ఊళ్లో నేదును లేదుగా దిద్దే సాహసం చేయను. పైగా రెండు మాటలకూ చెవిలో తేడా ఉంది. లకారం నాలుకతో దులుపుతుంది, నకారం ముక్కుతో బుజ్జగిస్తుంది. మీటరు లేదంటే కోపం వస్తుంది. నేదంటే ఎందుకో జాలి పుడుతుంది, ఎవరిమీదో తెలియదు.

ఇక తర్కం. నైయాయికులు లేమిని నాలుగు రకాలు చేశారు. త్రీ ఫేజు మీటర్లు ఇంకా రాలేదన్నారు ఒకసారి, అది ప్రాగభావం. వచ్చాయిగాని అయిపోయాయన్నారు మరోసారి, అది ప్రధ్వంసాభావం. ఇంకోసారి కళ్లెదుట అట్టపెట్టెలు కనబడుతుంటే వేలు పెట్టి చూపించాను. "అయి వేరే సెక్షనువి బాబూ" అన్నారు. ఆ మీటరు ఈ మీటరు కాదు, ఈ మీటరు ఆ మీటరు కాదు. దీన్ని అన్యోన్యాభావం అంటారు. తర్కసంగ్రహం చదివిన రోజుల్లో ఘటం పటం కాదు అని బట్టీ పట్టానేగాని, అర్థమైంది మాత్రం ఆ అట్టపెట్టెల ముందే. నాలుగోది అత్యంతాభావం. దాని సంగతి అడిగే ధైర్యం చాలలేదు.

అయిపోతాది = అసలు మూలమంతా ఈ ఒక్క పదంలో ఉంది. దీనికోసమే వ్యాఖ్య రాయబూనాను.

చేయు అన్న క్రియకు చేసేవాడు కావాలి. అవు అన్న క్రియకు అక్కర్లేదు. వాన వెలిసినట్టు, కాయ పండినట్టు, పొద్దు గుంకినట్టు దానంతటదే అవుతుంది. మా మేస్త్రి ఎప్పుడూ అయిపోతాది అనడు. "నాను సేసీస్తాను" అంటాడు. చేయకపోతే పట్టుకు తిట్టడానికి నాను అన్నవాడొకడు దొరుకుతాడు. ఎలక్ట్రీషియనూ అంతే, ఫ్యూజు తన జేబులో ఉన్నంతవరకు జవాబు తనదే. కిటికీ దగ్గర మాత్రం ఎవరూ ఏదీ చేయరు. ఎస్టిమేటు అవుతుంది, ఇన్‌స్పెక్షను అవుతుంది, ఫైలు పైకి వెళుతుంది, కిందికి వస్తుంది. కాగితాలకు కాళ్లున్నాయి. మనుషులే కూర్చుని ఉన్నారు.

కాలం సంగతి చూస్తే ఇంకా లోతు. చిన్నయసూరి బాలవ్యాకరణంలో తద్ధర్మార్థకమని ఒకటుంది. నిప్పు కాలుస్తుంది, నీరు పల్లానికి పారుతుంది అన్నట్టు, వస్తువుకు స్వభావమైనదాన్ని చెప్పేది. మన వాడుక తెలుగులో అదే రూపం రేపటికీ పనికొస్తుంది. కిటికీ వెనకనుంచి వినపడిన అయిపోతాదిని నేను భవిష్యత్తుగా తీసుకున్నాను. వారు తద్ధర్మంగా అన్నారు. పని అనేదానికి అయిపోవడం స్వభావం, ఎప్పటికో ఒకప్పటికి అవుతుంది. రెండు నెలలు నేను పడిన బాధంతా ఈ చిన్న అన్వయదోషం వల్ల. వారు అబద్ధం చెప్పలేదు.

బాబూ = మా వైపు ఈ మాట నాన్నకు చెల్లుతుంది, దొరకు చెల్లుతుంది, పాలుతాగే పసివాడికీ చెల్లుతుంది. మొదటిసారి వెళ్లినప్పుడు రెండో అర్థంలో విన్నాను. పదకొండోసారికి మూడో అర్థం స్ఫురించింది.

రేపొచ్చీండి = రేపు వచ్చేయండి. దీనికి పాఠాంతరాలున్నాయి. "సోమారం రండి" అని ఒకటి, "బిల్లులెల్నాక" అని ఒకటి, "ఏఈ గారు మీటింగునుంచి వచ్చీనాక" అని ఒకటి. దసరాలలో "సిరిమాను ఎల్నాక" అని కొత్త పాఠం దొరికింది. విజయదశమి వెళ్లిన మంగళవారం పైడితల్లి అమ్మవారి సిరిమాను మూడు లాంతర్ల దగ్గర గుడి నుంచి కోట దాకా మూడుసార్లు తిరుగుతుంది. కోసిన చింతచెట్టు, అంత పొడవు మాను, కొసన పూజారి, కింద ఇసక వేస్తే రాలని జనం. అది కూడా ఒక్క మధ్యాహ్నంలో మూడుసార్లు వెళ్లి వస్తుంది. మా మీటరు పదిహేడు అడుగులు కదలలేదు. అమ్మవారిది చింతమాను. నాది ఒట్టి చింత.

ఆ రోజు జనంలో నిలబడి ఇంకో లెక్క కూడా వేశాను. 1955లో మాచ్‌ఖండ్ కొండల్లో పుట్టిన కరెంటు లోయలూ అడవులూ దాటి ఈ మైదానానికి వచ్చింది. అంత దూరం వచ్చిన కరెంటు మా వీధి స్తంభం దగ్గర కాళ్లు జాపుకు కూర్చుంది.

ధర్మశాస్త్ర విచారం

రేపు అంటే ఎన్ని రోజులో శాస్త్రంలో లేదని ఎవరైనా అనుకుంటే పొరపాటు. కేంద్రం 2020 డిసెంబరు 31న విద్యుత్ వినియోగదారుల హక్కుల నియమావళి తెచ్చింది. కొత్త కనెక్షనుకైనా, ఉన్నదాంట్లో మార్పుకైనా మహానగరాల్లో ఏడు రోజులు, తక్కిన పురపాలక ప్రాంతాల్లో పదిహేను, పల్లెల్లో ముప్ఫై అని గడువు పెట్టింది. 2024 ఫిబ్రవరిలో సవరించి వాటిని మూడు, ఏడు, పదిహేను చేసింది. కొండ ప్రాంతాల పల్లెలకు మాత్రం ముప్ఫై ఉంచింది. దరఖాస్తు అన్ని విధాలా సరిగ్గా అందిన రోజు నుంచి లెక్క. విజయనగరం మహానగరం కాదు, కొండా కాదు. కాబట్టి నా రేపుకు శాస్త్రప్రకారం ఏడు తెల్లవార్లు. గడువు దాటితే పరిహారం మాట కూడా ఆ నియమావళిలోనే ఉంది.

శంక: "అన్ని విధాలా సరిగ్గా" అంటే? ఇక్కడే ఉంది కీలకం. ఇంటిపన్ను రసీదు జిరాక్సు మసకగా ఉందని ఆరోసారి వెళ్లినప్పుడు చెప్పారు. అంటే అప్పటిదాకా నా దరఖాస్తు పుట్టనేలేదు, గర్భంలో ఉంది. కొత్త జిరాక్సు ఇచ్చాను. జాతకం వేయడానికి పుట్టిన తేదీ కావాలి కదా, అది మాత్రం ఎవరూ రాసివ్వలేదు.

పదకొండోసారి తెల్లకాగితం పట్టుకెళ్లాను. దరఖాస్తు నంబరు, డబ్బు కట్టిన తేదీ, నియమావళి పేరు, ఏడు రోజుల సంగతి, ఎప్పుడెప్పుడు వచ్చానో ఆ తేదీలు. కింద ఒకే ప్రశ్న: ఈ పని ఎవరికి అప్పగించారు? నకలు మీద "అందినది" ముద్ర వేసి తేదీ వేయమన్నాను. కుర్రాడు చదివి, తలెత్తి, "ఇదెందుకు బాబూ, అయిపోతాది కదా" అన్నాడు. ముద్ర వేయమన్నాను. ముద్ర ఏ సొరుగులో ఉందో వెతకడానికి ఇరవై నిమిషాలు పట్టింది.

మూడో రోజు పొద్దున్న లైన్‌మేను నిచ్చెన భుజాన వేసుకుని వచ్చాడు. చేతిలో త్రీ ఫేజు మీటరు. ముప్పావుగంటలో పాతది విప్పి, కొత్తది కొత్త స్తంభానికి బిగించి, సర్వీసు వైరు లాగి, సీలు వేశాడు. మా ఆవిడ టీ ఇచ్చింది. అరుగు లేదు కనుక ఇటికల మీద కూర్చుని తాగాడు. తిత్లీ అప్పుడు పలాస వైపు పదిహేను రోజులు ఉండిపోయాడట. వచ్చేసరికి బిడ్డ గుర్తుపట్టలేదని నవ్వాడు. ఇద్దరి ఏరియా తనొక్కడే చూస్తున్నాడట.

ఉండబట్టలేక అడిగాను: "ఇన్నాళ్లూ ఫీడరు మీదే ఉన్నారా నాయనా?"

"ఉన్నాను బాబూ. రోజూ ఫీడరే."

"మీటర్లు?"

"నిజంగా నేవు. మొన్నే వచ్చినాయి."

"మరి మా కాగితం?"

గ్లాసు కింద పెట్టి, "మీ కాగితం నాకు నిన్నే ఇచ్చారు బాబూ. ఈ ఇంటికి పనుందని నిన్నటిదాకా నాకు తెల్దు" అన్నాడు.

తాత్పర్యం

లైన్‌మేను ఫీడరు మీదికి వెళ్లిన మాట నిజం. మీటరు లేని మాట నిజం. రేపు వచ్చిన మాటా నిజం, రోజూ వచ్చింది. పని ఎవరికీ చెప్పని మాట ఒక్కటే మూలంలో లేదు. మల్లినాథుడి ఒట్టు ప్రకారం మూలంలో లేనిది రాయకూడదు. ఆ ఒట్టు ఇక్కడ తప్పాను.

గోడముక్క ఆ సాయంత్రమే కూలింది. మామ్మగారు వీధిలోకొచ్చి చూసి, "పోనీలే, మొక్కులు పెట్టీకముందే తీసీసినారు" అన్నారు.

చదువరులకు విన్నపం. ఈ మూలం మా ఊళ్లో దొరికిన ప్రతి మాత్రమే. గుంటూరులో, కడపలో, కరీంనగరంలో కిటికీల దగ్గర వేరే పాఠాలు వాడుకలో ఉండే ఉంటాయి. విన్నవారు విన్నట్టే, వెళ్లిన తేదీతో సహా రాసి పంపండి. ముందు ఆ తేదీల కాగితం మీద "అందినది" ముద్ర వేయించుకుని, నకలు మీ దగ్గర ఉంచుకుని, ఆపైన నాకు పంపండి. రెండో ముద్రణలో చేరుస్తాను.